ఊరు చేరని మనిషి.. ఊరూరా చేరిన మందు

గోదావరి డెల్టా గ్రామాలకు బోదకాలు కొత్త జబ్బు కాదు. కాలువ గట్టు మీదో, సంతలోనో, గుడి మెట్ల దగ్గరో ఉబ్బిన కాలు ఈడ్చుకుంటూ నడిచే మనిషిని చూడని పెద్దలు ఈ ప్రాంతంలో ఉండరు. జ్వరం, వణుకు, గజ్జల్లో బిళ్లలతో మొదలై చివరికి కాలు మొద్దుబారి ఏనుగు పాదంలా తయారయ్యేది. కూలికి వెళ్లడం కష్టమయ్యేది. ఆడపిల్లకు ఆ జబ్బు వస్తే పెళ్లి సంబంధం కుదిరేది కాదు.

ఆ జబ్బు పురుగును చంపే మాత్రను నర్సమ్మలు, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ఇచ్చారు. డీఈసీ అని దాని పేరు. మందుల షాపుల్లో చాలాకాలం హెట్రజాన్ అనే పేరుతో తెలిసిన మందు అదే. 1947లో ఆ మందును లోకానికి అందించిన ప్రయోగశాలకు సారథి భీమవరంలో పుట్టినవాడు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మందు పుట్టిన గడ్డకు వచ్చింది గాని, ఆయన మాత్రం తిరిగి రాలేదు.

మూడోసారి గట్టెక్కిన మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి సర్కారు కొలువు చేసేవారు. ఆరోగ్యం పాడై ఆ కొలువు ముందుగానే వదులుకోవాల్సి వచ్చింది. పిల్లలు చాలామంది. ఇల్లు గడవడమే కష్టమైంది.

పిల్లవాడికి మొదట్లో చదువు మీద పెద్ద ధ్యాస లేదు. పదమూడేళ్ల వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుని డబ్బు గడిద్దామని ఇల్లు విడిచి బయలుదేరాడని చెబుతారు. తల్లి వెనక్కు రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. రాజమండ్రిలో చదువు సాగింది కాని, దగ్గరి బంధువుల అకాల మరణాలు ఆ కుర్రవాడిని కుంగదీశాయి. మెట్రిక్ రెండుసార్లు తప్పాడు.

వెంకమ్మ పట్టు విడవలేదు. ఉన్న నగలు తెగనమ్మి కొడుకును మద్రాసు పంపింది. అక్కడి హిందూ హైస్కూలులో చదివి మూడో ప్రయత్నంలో మెట్రిక్ గట్టెక్కాడు. ఆ తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ పూర్తి చేశాడు.

ఆ రోజుల్లో ఆయన మనసు సన్యాసం వైపు మళ్లింది. రామకృష్ణ మఠంలో చేరదామనుకున్నారు. వైద్యం చదివి రోగులకు సేవ చేయడం మేలని మఠంలోని పెద్దలు నచ్చజెప్పారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకు స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తి సాయపడ్డారు. 1919 మే 10న సూర్యనారాయణమూర్తి గారి కుమార్తె శేషగిరితో ఆయనకు వివాహం జరిగింది.

ఖద్దరు తెచ్చిన తంటా

అవి గాంధీజీ పిలుపుతో దేశం ఊగిపోతున్న రోజులు. విదేశీ వస్త్రాలు వదలాలన్న మాట విని సుబ్బారావు ఆపరేషన్ గదిలో తొడుక్కునే అంగీని సైతం ఖద్దరుతో కుట్టించుకున్నారు. శస్త్రచికిత్స బోధించే ఇంగ్లీషు ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డుకు అది కంటగింపైంది. రాతపరీక్షలు బాగా రాసినా సుబ్బారావుకు ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు. దానికన్నా ఒక మెట్టు తక్కువైన ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఒంటి మీది గుడ్డ కోసం పోగొట్టుకున్న ఆ పట్టా ఆయన దారినే మార్చేసింది. మద్రాసు ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగానికి ప్రయత్నించారు. ఫలితం లేకపోయింది.

ఇంట్లో రెండు చావులు

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. స్ప్రూ అనే జబ్బు వచ్చి అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు. నోరు పూస్తుంది. రక్తం తగ్గిపోతుంది. మనిషి చూస్తుండగానే ఎండిపోతాడు. ఆయుర్వేద వైద్యులు గ్రహణి అని చెప్పే జబ్బుకు దగ్గరి లక్షణాలివి. ఆనాటి ఇంగ్లీషు వైద్యంలో దీనికి సరైన మందు లేదు.

అదే జబ్బు సుబ్బారావునూ పట్టుకుంది. మద్రాసులో పేరున్న ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన మందులతో ఆయన బతికి బయటపడ్డారని జీవిత చరిత్రకారులు రాశారు.

సర్కారు కొలువు దొరకని ఆ యువ వైద్యుడికి లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే ఉద్యోగం దొరికింది. శరీర నిర్మాణ శాస్త్రం బోధించే పని. ఎముక, కండ, నరం, పేగు ఎక్కడ ఎలా ఉంటాయో విద్యార్థులకు చెబుతూనే, పక్క గదుల్లో నూరుతున్న ఆకులు, వేళ్లు, బెరడుల మీద ఆసక్తి పెంచుకున్నారు. తనను బతికించిన మూలికలో పనిచేసిన పదార్థం ఏది, దాన్ని వేరు చేసి తీయగలమా, ఎవరికి ఎంత ఇవ్వాలో కొలిచి చెప్పగలమా అన్న ఆలోచన ఆయనను వదలలేదు. అందుకు కావలసిన చదువు మద్రాసులో లేదు.

బోస్టన్‌లో రాత్రి పని

రాక్‌ఫెల్లర్ సంస్థ తరఫున వచ్చిన అమెరికా వైద్యుడు జాన్ కెండ్రిక్‌తో పరిచయమయ్యాక ఆయన చూపు అమెరికా మీద పడింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. మామగారు కొంత సర్దారు. 1920ల ఆరంభంలో భార్యను పుట్టింట ఉంచి ఓడ ఎక్కారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడలేదు.

బోస్టన్‌లో దిగేసరికి చేతిలో డబ్బు నామమాత్రం. ఎల్ఎంఎస్ పట్టాతో అక్కడ వైద్యం చేయడానికి వీల్లేదు. పగలు హార్వర్డులో ఉష్ణదేశాల వైద్యశాస్త్రం చదువుతూ రాత్రిళ్లు ఒక ఆసుపత్రిలో నౌకరు పనికి కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడగడం ఆ పనిలో భాగం. డాక్టరు చదువు చదివిన మనిషి ఆ పని చేశానని చెప్పుకోవడానికి ఏనాడూ సిగ్గుపడలేదంటారు.

డిప్లొమా వచ్చాక హార్వర్డులోనే జీవ రసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలవడం ఆ రోజుల్లో పెద్ద చిక్కు. ఇద్దరూ కలిసి సులువైన పద్ధతి కనిపెట్టి 1925లో ప్రకటించారు. ఒక బొట్టు రసాయనం కలిపితే నీలం రంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ ఉన్నట్టు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పాతుకుపోయింది.

కండకు బలం ఎక్కడిది

ఆ కొలతే వారికి పెద్ద గుట్టు విప్పింది. నాట్లు వేసే చేయి, నాగలి పట్టే చేయి, తెడ్డు వేసే చేయి ఏ బలంతో కదులుతున్నాయి అన్నది అప్పటి శాస్త్రజ్ఞుల ముందున్న ప్రశ్న. కండలో దాచిన పిండిపదార్థం విడిపోయి పాల పులుపు లాంటి ఆమ్లంగా మారేటప్పుడు వచ్చే శక్తితోనే కండ ముడుచుకుంటుందని అప్పటికి నమ్మకం. ఆ పరిశోధనకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా దక్కింది.

ఫిస్క్, సుబ్బారావు జంతువుల కండలు పరీక్షించి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని వేరు చేసి చూపారు. జర్మనీలో లోమన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా ఏటీపీని 1929లోనే విడిగా కనిపెట్టారు. పాత సిద్ధాంతం తలకిందులైంది.

ఇంటి లెక్కలో చెప్పాలంటే కండలోని పిండిపదార్థం గాదెలోని ధాన్యం వంటిది. ఫాస్ఫోక్రియాటిన్ రొంటిన దోపుకున్న డబ్బు. ఏటీపీ చేతిలోని చిల్లర. కండ కదిలిన ప్రతిసారీ ఖర్చయ్యేది చేతిలోని చిల్లరే. అది తరిగితే రొంటిన ఉన్నది తీయాలి. అదీ తరిగితే గాదె తెరవాలి. మనిషి, ఎద్దు, చేప, వరిమొక్క.. ప్రాణం ఉన్న ప్రతిదీ ఈ చిల్లరతోనే బతుకుతుందని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది.

1930లో హార్వర్డు ఆయనకు పీహెచ్‌డీ ఇచ్చింది. కాని స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. ఏళ్లు గడిచినా చిన్న ఉద్యోగంలోనే ఉంచింది. చివరికి 1940లో హార్వర్డు వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. అక్కడ పరిశోధన శాఖకు అధిపతి అయ్యారు. అప్పటికి ఆయనకు 45 ఏళ్లు. మిగిలింది ఎనిమిదేళ్లే.

ఆకు పేరు పెట్టుకున్న మందు

రక్తహీనతతో చనిపోయే రోగులకు జంతువుల కాలేయం తినిపిస్తే కోలుకుంటున్నారని 1920లలో అమెరికా వైద్యులు కనుగొన్నారు. కాలేయంలో ఉన్న ఆ పదార్థం ఏదో పట్టుకోవాలని సుబ్బారావు హార్వర్డులో ఉండగానే పని మొదలుపెట్టారు. ఇటు బొంబాయిలో గర్భిణులకు వచ్చే రక్తహీనత ఈస్టుతో తగ్గుతున్నదని లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు 1931లో ప్రకటించారు. కాలేయంలో, ఈస్టులో ఉన్న ఆ గుణమే పాలకూరలోనూ ఉందని 1941లో మరికొందరు శాస్త్రజ్ఞులు తేల్చారు. లాటిన్ భాషలో ఆకును సూచించే మాట నుంచి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు.

టన్నుల కొద్దీ ఆకు పిండితే చిటికెడు కూడా రాదు. అలాగైతే పేద రోగికి అందేదెప్పుడు? సుబ్బారావు బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని రసాయనాలతో తయారు చేసి చూపింది. ఇక ఆకు అక్కర్లేదు. కాలేయం అక్కర్లేదు. ఎంత కావాలంటే అంత చేసుకోవచ్చు.

ఆ మందు స్ప్రూ రోగుల మీద పనిచేసింది. కరీబియన్ దీవుల్లో ఎండిపోయిన మనుషులు ఆ మాత్రలతో అన్నం తిని లేచి తిరిగారు. సుబ్బారావు సోదరులను మింగిన జబ్బు అదే. పాతికేళ్లు ఆలస్యంగా దానికి మందు దొరికింది. దొరికింది కూడా సొంత తమ్ముడో అన్నో అయిన మనిషి ప్రయోగశాలలోనే.

పల్లెల్లో గర్భిణులకు నర్సమ్మ ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే. గర్భం నిలవక ముందు నుంచి, తొలి నెలల్లోనూ ఇది వేసుకుంటే బిడ్డ వెన్నెముకలో, మెదడులో వచ్చే పుట్టు లోపాలు చాలావరకు తప్పుతాయని 1991లో వెలువడిన పెద్ద పరిశోధన రుజువు చేసింది.

తాలు గింజ కిటుకు

శరీరంలో కొత్త కణాలు పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. రక్త క్యాన్సరులో చెడ్డ కణాలు అడ్డూ ఆపూ లేకుండా పుడుతుంటాయి. వాటికి ఫోలిక్ ఆమ్లం లాగే కనిపించి, ఆ పని చేయని నకిలీ పదార్థం పెడితే ఏమవుతుంది? నిండు గింజ అనుకుని తాలు గింజ చల్లిన చేనులా మొలక ఆగిపోతుంది.

లెడర్లీలో అలా తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి చూశారు. పదహారుమంది పిల్లల్లో పదిమందికి జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ప్రకటించారు. అంతకు ముందు ఆ పిల్లలకు ఏ ఆశా ఉండేది కాదు. ఆ మందు వెనుకే వచ్చిన మెథోట్రెక్సేట్ క్యాన్సర్ వైద్యంలో నిలిచిపోయింది. కీళ్లవాతానికి కూడా తక్కువ మోతాదులో, వారానికి ఒక్కసారి, డాక్టరు పర్యవేక్షణలో దాన్ని వాడతారు.

పిడికెడు మట్టిలో బంగారం

డెబ్బై ఏళ్లు దాటి పదవీ విరమణ చేసిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుణ్ణి ముసలివాడని కొట్టిపారేయక సుబ్బారావు తన ప్రయోగశాలకు తీసుకున్నారు. ఊరూరి నుంచి మట్టి తెప్పించి అందులోని సూక్ష్మజీవులను పరీక్షించడం డగ్గర్ పని. మిస్సోరీ రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయపు చేనిలోని మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. దాని నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. 1948లో లోకానికి తెలిసిన ఆ మందే టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. పెన్సిలిన్‌కు లొంగని ఎన్నో క్రిములు దానికి లొంగాయి. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం ఎగబడి కొన్నది ఈ కుటుంబపు మందునే.

ఈ కథలో మరో విశేషం ఉంది. స్ప్రూ జబ్బుకు తర్వాతి కాలంలో స్థిరపడిన వైద్యం ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ కలిపి ఇవ్వడం. ఆ రెండు దారులూ సుబ్బారావు నడిపిన ప్రయోగశాల నుంచే వచ్చాయి.

దోమ మోసుకొచ్చిన దారం

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులు బోదకాలు పురుగు బారినపడ్డారు. అప్పటిదాకా ఆ జబ్బుకు వాడి చూసినవి ఆర్సెనిక్, ఆంటిమొనీ కలిసిన విషపు మందులు. పురుగుతో పాటు మనిషికీ చేటు చేసేవి. నోటితో మింగగల, ప్రాణానికి ముప్పులేని మందు కోసం లెడర్లీలో వెతుకులాట మొదలైంది.

ఆ పురుగు దారప్పోగులా ఉంటుంది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు దాని పిల్లలు ఒంట్లోకి చేరతాయి. శోషరస నాళాల్లో కాపురం పెట్టి ఏళ్ల తరబడి పిల్లలు పెడతాయి. ఆ పిల్లలు రాత్రిపూట రక్తంలో తిరుగుతాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రివేళ ఇళ్లకు వచ్చి వేలు పొడిచి రక్తం తీసేవారు.

లెడర్లీ శాస్త్రజ్ఞులు పత్తి చేలలో తిరిగే ఒక జాతి ఎలుకల్లో అలాంటి పురుగును పెంచి, ఒకదాని తర్వాత ఒకటిగా మందులు పరీక్షించారు. డైఇథైల్ కార్బమజిన్, అంటే డీఈసీ, నెగ్గింది. 1947లో ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూస్తే రక్తంలోని పురుగు పిల్లలు మాయమయ్యాయి.

భారత ప్రభుత్వం 1955లో బోదవ్యాధి నివారణ పథకం ప్రారంభించింది. డీఈసీ దానికి ప్రధాన ఆయుధమైంది. 2004 నుంచి జబ్బు ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ పంచడం మొదలుపెట్టారు. చైనాలో ఈ మందును ఉప్పులో కలిపి తినిపించారు. 2007లో ఆ దేశం బోదవ్యాధి నుంచి బయటపడినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. ఇసినోఫీలియా దగ్గుకూ ఇదే మందు వాడారు.

వెనక వరుసలో మనిషి

ఇన్ని చేసిన మనిషి పేరు ఆ రోజుల్లో పత్రికల్లో పెద్దగా కనపడలేదు. కనిపెట్టిన ఘనత తోటివారికి వదిలేసేవారు. ఆరియోమైసిన్ గురించి ప్రకటించిన సభలో ఆయన వెనక వరుసలో కూర్చున్నారని చెబుతారు. నోబెల్ బహుమతి రాలేదు. పాతికేళ్లు అక్కడ బతికినా అమెరికా పౌరుడు కాలేదు. 1946లో చట్టం మారి భారతీయులకు ఆ అవకాశం వచ్చినా తీసుకోలేదు.

స్వదేశానికీ రాలేదు. ఒక మందు పూర్తికాగానే మరొకటి ముందుకు వచ్చేది. శేషగిరి ఆయనను మళ్లీ చూడలేదు. నగలు అమ్మి చదివించిన తల్లి కూడా ఎదురుచూడటమే మిగిలింది. లోకానికి దక్కిన దానిలో ఆ ఇద్దరు ఆడవాళ్లు పోగొట్టుకున్నది కూడా లెక్క కట్టాలి.

1948 ఆగస్టులో ఒక రాత్రి న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు. దేశానికి స్వాతంత్య్రం వచ్చి అప్పటికి ఏడాది. 1953లో శాస్త్రజ్ఞులు ఒక బూజుజాతికి సుబ్బారోమైసెస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి ఏడాది 1995లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. ఆయన పుట్టిన భీమవరం 2022లో పశ్చిమ గోదావరి జిల్లాకు కేంద్రమైంది.

మాత్ర చేతికి వచ్చాక

డీఈసీకి ఒక పరిమితి ఉంది. రక్తంలోని పురుగు పిల్లలను చంపి జబ్బు మరొకరికి అంటకుండా ఆపగలదు గాని, ఉబ్బి గట్టిపడిన కాలును మళ్లీ మామూలు కాలుగా చేయలేదు. అందుకే జబ్బు కనిపించనివారూ మింగాలి. కాలు బాగానే ఉంది కదా అని మాత్రను జేబులో వేసుకున్నవారు, సిబ్బంది వెళ్లాక పెరట్లో పారేసినవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పురుగు ఉన్నవారికి మాత్ర వేసుకున్నాక కొద్దిగా జ్వరం, తలనొప్పి రావచ్చు. ఒంట్లో పురుగు చస్తున్నదనడానికి అది గుర్తు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర జబ్బుతో ఉన్నవారికి మాత్రం ఇవ్వరు.

ఇప్పటికే కాలు వాచినవారు రోజూ సబ్బుతో కడిగి, పొడి గుడ్డతో అద్ది, వేళ్ల సందుల్లో పుండ్లు పడకుండా చూసుకుంటే జ్వరాలు తగ్గుతాయి, వాపు ముదరదు.

భీమవరం నుంచి బోస్టన్ దాకా, అక్కడి నుంచి పెర్ల్ రివర్ దాకా ఒక మనిషి జీవితమంతా తిరిగిన దారి చివరికి వచ్చి ఆగింది గుమ్మం ముందు నిలబడ్డ ఆశా కార్యకర్త చేతిలోని మాత్ర దగ్గర. పంపిణీ జరిగే ఊళ్లలో ఇక మిగిలిన పని గ్లాసుడు నీళ్లు తెచ్చుకుని ఆమె ఎదుటే దాన్ని మింగడం.